గోరంత సందు

సరిపోయింది. చివరి బోల్టు స్పానరు కూడా అడగకుండా వేళ్ళతో తిప్పితేనే లోపలికి దిగి కూర్చుంది. అలా కూర్చోకూడదు, బయట చేసిన ఏ భాగమూ ఈ పాత కార్లకు అలా కూర్చోదు, ఇన్నేళ్ళలో అతను చూసిన ప్రతి మడ్‌గార్డూ ఎక్కడో ఒకచోట మొండికేసింది, ఒకటి బోల్టు రంధ్రాల దగ్గర, ఒకటి వంపు దగ్గర, ఇంకొకటి అన్నీ బాగున్నట్టే ఉండి చివర్లో లైటు గిన్నె దగ్గర. కానీ ఇది, తమ్ముడు నిన్న సాయంత్రం పాత దుప్పటిలో చుట్టి తెచ్చి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు బల్లమీద పెట్టి వెళ్ళిన ఈ ఎడమవైపు ముందు మడ్‌గార్డు, బండితోపాటే పుట్టినట్టు కూర్చుంది. అతను మోకాళ్ళ మీద కూర్చుని తలుపుకూ మడ్‌గార్డుకూ మధ్య సందులో బొటనవేలి గోరు పెట్టి పైనుంచి కిందికి లాగాడు. గోరు ఎక్కడా ఆగలేదు, ఎక్కడా వదులు కాలేదు, ఒకటే సన్నని దారి, పెన్సిలుతో గీసినట్టు. "భేష్" అన్నాడు పైకే. అనేసి, ఎవరైనా విన్నారేమోనని వెనక్కి చూశాడు. షెడ్డులో ఎవరూ లేరు. సెలవు రోజు, పనివాళ్ళని రావద్దన్నది తనే. పదకొండింటికి తమ్ముడు వస్తాడు, మరదలూ వస్తుంది, వాళ్ళ వెనకాల వీధిలో సగం మంది వస్తారు, అందరి ముందూ తమ్ముడే ఈ మడ్‌గార్డుని బండికి తొడిగి చూపించాలి, అదీ మాట. ఇంకా గంట ఉంది. ఈ గంట ఉండటం మంచిదే అయింది, ముందే ఒకసారి పెట్టి చూద్దామని బుద్ధి పుట్టడం ఇంకా మంచిదైంది, లేకపోతే అందరి ముందూ నోట్లోంచి ఆ "భేష్" ఊడిపడి ఉండేది.

పొద్దున భార్య టిఫిను ప్లేటు ముందు పెడుతూ, అటు తిరిగి, గోడతో చెప్పినట్టు, "ఈసారైనా సరిపోతే బాగుండు, పాపం" అంది. పాపమా. ఎవరు పాపం? అతను ప్లేటు పక్కకి నెట్టి లేచొచ్చేశాడు, ఆ ఆకలి ఇప్పుడు గుర్తుకొస్తోంది, ఆకలో భయమో తెలియడం లేదు, భయమెందుకు, ఒక రేకు ముక్కకి భయమేమిటి. ఆమెకేం తెలుసు, ఆమెకు గోడ సంగతిలో సరదా కూడా అర్థం కాదు, మొదటి రోజు నుంచీ "అవి దింపెయ్యండి, పిల్లలు చూస్తున్నారు" అంటూనే ఉంది. గోడంటే షెడ్డు బయటి గోడ, వీధిలోకి ఉన్నది. తమ్ముడు చేసి అమ్మినవాటిలో సరిపోనివన్నీ అతను వెతికి వెతికి, కొని మరీ, దానికి వరసగా తగిలించాడు. బానెట్ ఒకటి, తలుపు రేకులు రెండు, బంపరు, లైటు రింగు, ఇంకా ఏవేవో. ఒక్కోదాని కింద సుద్దతో రాత. బంపరు కింద 'వంకరగారి చిరునవ్వు'. తలుపు కింద 'గాలికి కొదవ లేదు'. బానెట్ కింద 'ఏ బండిదో చేసినవాడికే తెలియదు'. వచ్చేపోయేవాళ్ళు ఆగి చదువుకుని నవ్వుకునేవారు, బండ్లు తెచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకునేవారు, అలా తమ్ముడికి వంకర అనే పేరు ఖాయమైపోయింది. ఎంత ఖాయమంటే, వీధికి ఎదురుగా ఉన్న తన షెడ్డులో ఫోను మోగితే తమ్ముడే కొత్తవాళ్ళకి దారి చెబుతూ, "వంకర షెడ్డంటే ఎవరైనా చెప్తారండీ" అన్నాడట. టైర్ల షాపాయన ఆ సంగతి మోసుకొచ్చి చెప్పిన రోజున అతను కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు, పొట్ట పట్టుకుని, ఈ స్టూలు మీదే కూర్చుని.

ఒకరోజు తమ్ముడి కూతురు బడికి వెళ్తూ ఆ గోడ ముందు ఆగింది. అక్షరాలు కూడబలుక్కునే వయసు. పెదవులు కదుపుతూ వం, క, ర, అని చదువుకుంది, చదివి ఇటు తిరిగి చూసింది, గేటులో నిలబడ్డ పెదనాన్న కనిపించాడు, పెదనాన్నే కదా అని చిన్నగా నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ పిల్ల వెళ్ళిపోయాక సుద్ద తీసి అక్షరాలు చెరిగినచోట మళ్ళీ దిద్దాడు, వానకి కొంచెం పోయాయి. దానికేం తెలుస్తుంది, చిన్నపిల్ల. అయినా ఇందులో తప్పేముంది, సరిపోనిదాన్ని సరిపోలేదనడం తప్పా? నాన్న నేర్పింది అదే కదా. నాన్న ఈ షెడ్డులోనే, ఇదిగో ఈ నీళ్ళ తొట్టి పక్కనే నిలబడి, సొట్ట తీసిన తలుపుని ఎండలోకి తిప్పి, "ఏం కనిపిస్తోందిరా?" అనేవాడు. అతనికి కనిపించేది. ఎంత చిన్న అల ఉన్నా, రేకు మీద వెలుతురు ఎక్కడ తడబడుతుందో అతని కన్ను పట్టేసేది. "ఇక్కడ" అని చూపించేవాడు. నాన్న తల ఊపేవాడు, ఊపి, తమ్ముణ్ణి పిలిచి, "కళ్ళు మూసుకుని చూడు" అనేవాడు. ఆ చిన్నవెధవ కళ్ళు మూసుకుని అరచేయి రేకు మీద పెట్టి, పిల్లిని నిమిరినట్టు నిమిరి, అన్నయ్య చూపించిన చోటే కాకుండా ఇంకో చోట కూడా ఆగేవాడు. అక్కడ కూడా ఉండేది సొట్ట. ప్రతిసారీ ఉండేది. నాన్న అప్పుడు తల ఊపేవాడు కాదు, వాడి చేతిని తన చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసేవాడు, దొరికిన వస్తువుని చూసినట్టు. "వీడి చెయ్యి చెయ్యి కాదురా, వరం" అనేవాడు వచ్చినవాళ్ళతో. కన్ను గురించి ఎవరితోనూ ఏమీ అనలేదు.

ఒక మధ్యాహ్నం గ్యాసు మంటతో అప్పుడే వెల్డింగు అయిన రేకుని అతను బల్లమీద పెట్టాడు. కాలుతున్న రేకు చూడటానికి ఎలా ఉంటుందంటే, ఎలానూ ఉండదు, చల్లటి రేకులాగే ఉంటుంది. "ఒరేయ్, ఇందులో సొట్ట ఉందో లేదో చూసి చెప్పు" అన్నాడు. తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. ఆ వాసన ఇప్పటికీ వెల్డింగు జరిగినప్పుడల్లా అతనికి ముక్కు దగ్గర తగులుతుంది, అది రేకు వాసనే, ఇంకేం కాదు. నాన్న పరుగెత్తుకొచ్చి ఏమైందన్నాడు. "ముట్టుకోవద్దని చెప్పాను, వినలేదు" అన్నాడు అతను, నాన్న ఆ కోపంలో వాణ్ణే లాగి ఒకటి కొట్టాడు, కాలిన చెయ్యి పట్టుకుని లాగి మరీ. తమ్ముడు ఏడ్చాడు గానీ చెప్పలేదు, చెప్పడం తోచలేదో, చెప్పినా ఎవరు నమ్ముతారనుకున్నాడో. చెయ్యి మానింది. చర్మం మాత్రం గట్టిపడి, మెరుస్తూ, కవరు తొడిగినట్టయింది, ఆ తర్వాత నాన్న కళ్ళు మూసుకోమంటే వాడు మూసుకుని చాలాసేపు తడిమేవాడు, తడిమి తడిమి, తప్పు చెప్పేవాడు. పిల్లలాటలు. ఏ ఇంట్లో అన్నదమ్ములు కొట్టుకోలేదు, ఎవరి ఒంటి మీద మచ్చల్లేవు.

నాన్న పోయాక పంపకాల్లో షెడ్డూ, షెడ్డు పేరూ అతనికొచ్చాయి, రేకుని వంచే చక్రమూ, దిమ్మెలూ, చెక్క సుత్తులూ తమ్ముడికిచ్చాడు, పాత ఇనుమే కదా పోనీలే అని. రేకుని వంచి ఆకారం తెప్పించడం అతనికి ఎన్నడూ రాలేదు, రాలేదని బాధా లేదు, ఆ పని రోజులు తినేస్తుంది. కంపెనీలు చేసిన భాగాలు తెప్పిస్తే చాలు, కొత్త పెట్టెలో నల్లగా నిగనిగలాడుతూ వస్తాయి, పెట్టె మీద అచ్చంగా సరిపోవును అని రాసుంటుంది, తీసి పెడితే ఎన్నడూ సరిపోదు. రంధ్రం పక్కకుంటే గుండ్రటి ఆకురాయితో సాగదీస్తాడు, అంచు పొడుగైతే కోసి మళ్ళీ అతికిస్తాడు, మెలి తిరిగి ఉంటే చెక్క అడ్డంపెట్టి మోకాలితో తొక్కుతాడు, ఇక ఏదీ కుదరకపోతే పుట్టీ పూసి, సాన పట్టి, రంగు కొట్టి పంపేస్తాడు. రెండు వానలకి ఆ పుట్టీ పగులుతుంది. అప్పటికి బండి ఇంకెవరి షెడ్డులోనో ఉంటుంది. తమ్ముడు ఎదురుగా అద్దె షెడ్డు తీసుకుని, సరిపోయే భాగాలు నేనే చేస్తానని మొదలుపెట్టినప్పుడు వీధంతా మెచ్చుకుంది. మొదట్లో చేసినవి మాత్రం నిజంగానే వంకర్లు, అందులో అబద్ధం లేదు, ఆ చేత్తో ఇంకెలా వస్తాయి. కానీ వాడు మానలేదు. వాడి పిచ్చే అది. గోడ మీదికి ఒకటి ఎక్కినప్పుడల్లా సాయంత్రం పూట వచ్చి దాని ముందు నిలబడి తల పక్కకి వంచి చూసుకునేవాడు, ఎక్కడ తప్పానా అని, రాత చదవకుండా రేకు ఒక్కదాన్నే. ఈ మధ్య గోడకి తగిలించడానికి కొత్తవి దొరకడం లేదు. ఆ సంగతి అతను ఎవరితోనూ అనలేదు.

ఈ బండి పళ్ళ డాక్టరుది. మెత్తని మనిషి, గట్టిగా మాట్లాడితే ఎవరి పన్నైనా ఊడుతుందేమోనన్నట్టు మాట్లాడతాడు. ఆయన తెప్పించిన కంపెనీ మడ్‌గార్డుతో అతను వారం రోజులు కుస్తీ పట్టాడు, కోశాడు, అతికించాడు, తొక్కాడు, చివరికి విసిరి మూలన పడేశాడు. అప్పుడు డాక్టరు, "మీ తమ్ముడుగారు చేస్తారటగా?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు. అంతే, అతనికి ఒళ్ళు మండింది, వీధికి అడ్డంపడి అవతలికి వెళ్ళి, టైర్లాయనా వాళ్ళూ అందరూ చూస్తుండగా, "ఒరేయ్ వంకరా, డాక్టరుగారి బండికి మడ్‌గార్డు చేస్తావా? సరిపోతే గోడ మీదవన్నీ నా చేత్తో దింపి, నీ మడ్‌గార్డుని నెత్తిన పెట్టుకుని వీధంతా తిరుగుతాను. ఏం?" అన్నాడు. తమ్ముడు చేతులు తుడుచుకుంటూ, "సరిపోకపోతే మానేస్తానన్నయ్యా. బస్సుల కంపెనీలో రమ్మంటున్నారు, పోయి చేరతాను. ఇంట్లో కూడా ఇక మానెయ్యమనే అంటోంది" అన్నాడు. ఆ మాట అన్న తీరు, పందెంలా కాదు, అలసిపోయినవాడు కూర్చోడానికి చోటడిగినట్టు. అందరూ ఈలలేశారు. ఆ ఈలలు ఇప్పుడు అతని చెవుల్లో ఉన్నాయి, ఇవాళ మళ్ళీ వేస్తారు, ఇవాళ వేసేది అతని మీద. ఈ ఎండలో, ఈ మడ్‌గార్డు నెత్తిన, టైర్ల షాపు మీదుగా, రంగుల షాపు మీదుగా, కిటికీలోంచి భార్య చూస్తుంటే. పోనీ తిరుగుతాడు, తిరిగితే ఏం, ఒక్క పూట నవ్వుతారు, నవ్వి మర్చిపోతారు. ఆ తర్వాత? గోడ ఖాళీ అవుతుంది. డాక్టరు తన స్నేహితులకి చెబుతాడు, బండ్లన్నీ వీధికి అటుపక్క ఆగుతాయి, ఇటుపక్క అతను స్టూలు మీద కూర్చుని ఉంటాడు, తప్పు పట్టే కన్ను ఉన్నవాడు, పట్టడానికి తప్పు లేనివాడు. నాన్న ఎక్కడో వాడి చేతిని తిప్పి తిప్పి చూస్తుంటాడు.

అతను మళ్ళీ ఒకసారి గోరు పెట్టి లాగాడు, ఎక్కడైనా, ఒక్క చోటైనా. లేదు. ఇంత బాగా చెయ్యాల్సిన అవసరం ఏమొచ్చిందిరా నీకు, కాస్త బాగా చేస్తే సరిపోయేది, కాస్త ఎక్కువతక్కువ ఉంటే నేనే సర్దేవాణ్ణి, అందరి ముందూ సర్ది, పర్లేదు బాగానే చేశావు అనేవాణ్ణి, నీకూ గౌరవంగా ఉండేది, నాకూ. నువ్వు నాకేమీ మిగల్చలేదు. చెక్క సుత్తి చేతిలోకి వచ్చింది, ఎప్పుడు తీశాడో. అంచు మీద ఒక్క దెబ్బ చాలు. కానీ దెబ్బ మచ్చ పడుతుంది, తన పని మీద పడ్డ మచ్చని వాడు గుర్తుపడతాడు, రేకు అంగుళం అంగుళం వాడికి తెలుసు. సుత్తి కింద పెట్టేశాడు. మడ్‌గార్డు జోలికి పోకూడదు. అప్పుడు తట్టింది, తట్టి నవ్వొచ్చింది కూడా, ఇన్నేళ్ళుగా తమ్ముణ్ణి చూసినవాడికి తట్టాల్సిందే: వాడు ఎప్పుడూ బండిని అనుమానించడు. ఏది సరిపోకపోయినా తను చేసినదాన్నే తిప్పి చూసుకుంటాడు. తలుపు కీళ్ళ వెనక బండి పుట్టినప్పుడు పెట్టిన పలచని రేకు బిళ్ళలుంటాయి, తలుపుని ముందుకీ వెనక్కీ సర్దడానికి. పైకీలు బోల్టులు వదులు చేశాడు, బిళ్ళ తీశాడు, కిందికీలు వెనక దూర్చాడు, బిగించాడు. ఎంతసేపు, ఏమంత పని. తలుపు వేస్తే పైభాగం ముందుకొచ్చి మడ్‌గార్డుని కరిచింది, కింద వేలు దూరేంత సందు విచ్చుకుంది. ఎంత అందంగా వంకరపోయింది. తలుపు వెనకవైపు కూడా కొద్దిగా పైకి లేచింది, అది చూస్తే ఎవరైనా పసిగడతారు, అందుకని బండి వెనక సగం మీద పాత దుప్పటి పరిచాడు, దుమ్ము పడకుండా అన్నట్టు. బోల్టుల తలల మీద కొత్త గీతలు మెరుస్తుంటే గ్రీజు రాశాడు. మడ్‌గార్డు ఊడదీసి, తమ్ముడి దుప్పటిలో ఎలా ఉన్నదో అలాగే చుట్టి, బల్లమీద పెట్టాడు, ముడి ఇటువైపుందా అటువైపుందా అని కాసేపు ఆలోచించి ఇటువైపే వేశాడు. చేతులు సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కున్నాడు. గుండె మామూలుగానే కొట్టుకుంటోంది, ఎందుకు కొట్టుకోదు, అతనేం చేశాడని, ఒక బిళ్ళ అక్కడిది ఇక్కడ పెట్టాడు.

వచ్చారు. ముందు తమ్ముడు, ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్ళిచూపులకొచ్చినట్టు. వెనక మరదలు, ఆ వెనక టైర్లాయనా, రంగులాయనా, ఇంకో పదిమందీ. "నెత్తికి చుట్టకుదురు పెట్టుకున్నారా లేదా?" అన్నాడు టైర్లాయన, అందరూ నవ్వారు, అతను అందరికంటే గట్టిగా నవ్వాడు. తమ్ముడు దుప్పటి విప్పాడు, ముడి సంగతి గమనించలేదు. మడ్‌గార్డుని ఎత్తి బండికి ఆనించాడు. మొదటి బోల్టు దిగింది. రెండోది దిగింది. ఒక్కొక్కటి వేళ్ళతోనే దిగుతుంటే తమ్ముడి ముఖం మీద ఏదో పాకడం మొదలైంది, నవ్వు కాదు, నవ్వొచ్చేముందు వచ్చేది, అది అతను చివరిసారి చూసింది వీళ్ళిద్దరూ నిక్కర్లు వేసుకునే రోజుల్లో. అందరూ దగ్గరికి జరిగారు. "బోల్టులన్నీ కూర్చున్నాయండోయ్" అన్నాడు ఎవరో. తమ్ముడు ఊపిరి బిగబట్టి తలుపు మెల్లగా వేశాడు. రేకుని రేకు గీరిన కీచుమన్న చప్పుడు, పళ్ళు జివ్వుమనేలా, తలుపు అంచు నుంచి రంగు పెచ్చు ఒకటి లేచి నేల మీద పడింది.

టైర్లాయన ముక్కుతో నవ్వాడు.

తమ్ముడు తలుపు తీశాడు, మళ్ళీ వేశాడు, మళ్ళీ అదే చప్పుడు. పైన గోరు పెట్టాడు, దూరలేదు. కింద వేలు పెట్టాడు, వేలంతా లోపలికి పోయింది. ఆ వేలు అలాగే ఉంచి, "బోల్టులన్నీ కూర్చున్నాయి కదా" అన్నాడు, ఎవరితోనో.

"బోల్టులు కూర్చుంటే సరిపోయిందా? తలుపు పడొద్దూ?" అన్నాడు అతను. గొంతు చాలా మామూలుగా వచ్చింది, కొంచెం జాలిగా కూడా.

మరదలు తమ్ముడి వైపు చూడటం లేదు, అతని వైపు చూస్తోంది. "బావగారూ, మేము రాకముందు మీరేమైనా పెట్టి చూశారా?"

"నేనెందుకు చూస్తానమ్మా? వాడు చుట్టి పెట్టింది చుట్టినట్టే ఉంది, అందరూ చూశారుగా."

"మరి ఆ దుప్పటెందుకు?" అని ఆమె బండి వెనకవైపు నడిచి, అంచు పట్టుకుంది. "ముట్టుకోకు! రంగు తడిగా ఉంది" అన్నాడు, అనుకున్నదానికంటే గట్టిగా. ఆమె చెయ్యి ఆగింది, వదల్లేదు. ముక్కు ఎగబీల్చింది. "వాసన రావడం లేదే" అంది.

ఇంకొక్క క్షణం, ఒక్క లాగు, అంతే. కానీ తమ్ముడే లేచాడు, మోకాళ్ళు దులుపుకున్నాడు, "వదిలెయ్యవే" అన్నాడు. "డాక్టరుగారి బండి అది. పాడుచెయ్యకు. తప్పు నాదే, నేను చేసిన చెక్క అచ్చులోనే ఉండుంటుంది. అంతా దాని మీదే కొట్టాను, అదే వంకరైతే ఇంకేం చేస్తాం." ఆమె దుప్పటి వదిలేసింది. వదిలేసి, మొగుడి ముఖం చూసి, తల పక్కకి తిప్పుకుంది.

తమ్ముడు అన్నయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు. "నీ కన్నే నిజం అన్నయ్యా" అన్నాడు. "నా చెయ్యి చెయ్యి కాదని నాన్న ఊరికే మురిసిపోయాడు. నువ్వు మొదట్నుంచీ చెప్తూనే ఉన్నావు, నేనే వినలేదు."

ఈ మాట. ఈ మాట కోసం అతను ఎప్పట్నుంచి ఉన్నాడో అతనికే తెలియదు, తొట్టి పక్కన నిలబడి తలుపుని ఎండలోకి తిప్పిన రోజు నుంచి కావచ్చు, ఇప్పుడు అది వచ్చి ఎదురుగా నిలబడితే దాన్ని ఎలా పుచ్చుకోవాలో తెలియలేదు. ఏదో ఒకటి అనాలి, అందరూ చూస్తున్నారు. "మరి, గోడకి తగిలించనా?" అన్నాడు. నవ్వుతారనుకున్నాడు. టైర్లాయన కూడా నవ్వలేదు, చెప్పులకేసి చూసుకున్నాడు.

"తగిలించుకో. నాకింక అక్కర్లేదు" అన్నాడు తమ్ముడు. నిజంగానే ఇస్తున్నట్టు, వస్తువు ఇచ్చినట్టు. "సోమవారం నుంచి బస్సుల కంపెనీకి పోతాను. వదినకి చెప్పు."

వెళ్ళిపోయారు. ఒక్కొక్కళ్ళూ, తొందరగా, చావింట్లోంచి బయటపడినట్టు. షెడ్డు మళ్ళీ ఖాళీ అయింది, నెగ్గినవాడి షెడ్డు ఇలాగే ఉంటుంది కాబోలు, ఆకలేస్తోంది, ఇప్పుడిది ఆకలే, ఇంటికెళ్ళి అన్నం పెట్టమంటే పెడుతుంది, ఏమైందని అడుగుతుంది, సరిపోలేదని చెబుతాడు, పాపం అంటుంది, అననీ. పన్నెండింటికి డాక్టరు వస్తాడు. డాక్టరుకేం చూపించాలి? కంపెనీది మూలన మెలితిరిగి పడుంది. ఉన్నది ఇదొక్కటే. అతను దుప్పటి లాగేశాడు, కీళ్ళు వదులు చేశాడు, బిళ్ళని కింద తీసి పైన పెట్టాడు, బిగించాడు, రంగు పెచ్చు లేచినచోట కొంచెం రంగు అద్దాడు. తలుపు వేశాడు. టక్కుమని, ఒకే ఒక్క మెత్తటి చప్పుడుతో పడింది. ఈసారి భేష్ అనలేదు.

డాక్టరు వచ్చి బండి చుట్టూ తిరిగాడు. వంగి సందు చూశాడు, రోగి నోట్లోకి చూసినట్టు తల అటూ ఇటూ తిప్పి చూశాడు. తలుపు తీశాడు, వేశాడు, తీశాడు, వేశాడు. "అద్భుతమండీ" అన్నాడు చివరికి. "ఇది మీ తమ్ముడుగారు చేసిందేనా?"

"వాడే చేశాడు" అన్నాడు అతను. అక్కడితో ఆపొచ్చు. ఆపితే ఏం పోయేది. "చేశాడు గానీ, పెడితే ఎక్కడిదక్కడే ఉండిపోయిందండీ, తలుపు కూడా పడలేదు. పొద్దుననే అందరూ చూశారు, కావాలంటే టైర్ల షాపులో అడగండి. తర్వాత నేనే కూర్చుని దీన్ని దారికి తెచ్చాను."

"అంత తక్కువసేపట్లోనా? చెయ్యంటే మీదండీ చెయ్యి" అన్నాడు డాక్టరు, అని అతని చేతిని పట్టుకుని ఊపాడు. వీధి అవతలి నుంచి గొడ్డలి చప్పుడు మొదలైంది, ఎండు చెక్క మీద పడుతున్న దెబ్బలు, ఆగి ఆగి. డాక్టరు అటు చూశాడు. "ఏమిటది?"

"తమ్ముడండీ. కట్టెలు కొట్టుకుంటున్నాడు."

డాక్టరు బండికి అటుపక్కకి వెళ్ళాడు, కుడివైపు మడ్‌గార్డు మీద వేలితో తట్టాడు, తుప్పు పొడి రాలింది. పాతదే అది, బండితో వచ్చింది, కింది అంచు అప్పడంలా పెళుసెక్కి చిల్లులు పడింది. "ఇది కూడా పోయినట్టేనండీ. ఇటుది ఇంత బాగా కుదిరాక అటుది ఇలా ఎందుకుండాలి? అదీ మార్చేద్దాం. పెట్టెలో వచ్చేవి వద్దు బాబోయ్, వాటితో పడ్డది చాలు, ఇలాంటిదే కావాలి నాకు. తమ్ముడుగారు చేసి మీరు సర్దినా సరే, మొత్తం మీరే చేసినా సరే."

"వాడు మానేశాడండీ ఈ పని."

"అయ్యో. పోనీలెండి, మీరున్నారుగా. ఎన్నాళ్ళు పడుతుంది?"

అతను కుడివైపు మడ్‌గార్డు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ వంపు లైటు గిన్నె దగ్గర మొదలై చక్రం మీదుగా తలుపు దాకా ఒక్క ఊపులో పోతోంది, అందులో ఎక్కడెక్కడ సొట్టలున్నాయో, ఎక్కడ వెలుతురు తడబడుతోందో అన్నీ అతని కంటికి కనిపిస్తున్నాయి. చదునైన రేకు తీసుకుని, మొదటి దెబ్బ ఎక్కడ వెయ్యాలో మాత్రం తెలియలేదు. వీధి అవతల చెక్క అచ్చు విరిగింది, ముక్కలు నేల మీద దొర్లిన చప్పుడు వినిపించింది, ఆ తర్వాత ఊడుస్తున్న చీపురు చప్పుడు.

"పది రోజులు చాలండి" అన్నాడు.